చవక నైట్రో బగ్గీ: మొదటి గంట, చివరి పది నిమిషాలు

నైట్రో బగ్గీ అంటే రిమోటుతో నడిపే, ఇంజన్ ఉన్న బుల్లి కారు. దానికి డబ్బు కట్టేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: దాని ఇంధనం మీ ఊరికి ఎలా వస్తుంది? పెట్రోలు బంకులో దొరికే సరుకు కాదిది. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసిన ద్రవం. మండే గుణం వల్ల కొరియర్ వాళ్లు చాలామంది ముట్టుకోరు. రైల్లో తీసుకెళ్లడం నేరం, బస్సులోనూ ఒప్పుకోరు. నేను తెనాలిలో ఉంటాను. ఆరు నెలలకోసారి కారులో హైదరాబాద్ వెళ్లినప్పుడు లీటరు సీసాలు నాలుగు తెచ్చుకుంటాను. డిక్కీలో పడిపోకుండా నిటారుగా సర్ది, కారు అద్దాలు కాస్త దించుకుని, దారిలో ఎండలో ఎక్కడా ఆపకుండా వస్తాను. ఇంత ఏర్పాటు మీకు కుదరదనిపిస్తే బ్యాటరీతో నడిచే బగ్గీ కొనుక్కోండి. మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. వేగంలో అది దీనికి తీసిపోదు, ఇరుగుపొరుగుకు శబ్దం బాధ ఉండదు.

నాకు మాత్రం బ్యాటరీ బండి మీద మనసు నిలవలేదు. మా నాన్న ముప్ఫై ఏళ్లు తెనాలిలో మోటారు సైకిళ్లు బాగుచేశారు. యమహా ఆర్‌ఎక్స్ 100 వీధి చివర ఉండగానే, "దాని స్లో ఎక్కువైంది, చూడు" అనేవారు. కార్బురేటర్ విప్పి, పెట్రోలులో కడిగి, జెట్లలో ఊది బిగించడం నాకు పదో ఏటికే వచ్చేసింది. ఈ బుల్లి ఇంజన్ కూడా రెండు స్ట్రోకులదే. పొగ చూసి, చప్పుడు విని దాని ఆరోగ్యం చెప్పవచ్చు. నాకున్న అలవాటు మీకు లేకపోయినా ఫరవాలేదు. ఏం చూడాలో, ఏం వినాలో రాస్తాను.

నా బగ్గీ చైనా తయారీ, 1/10 స్కేలు. మూరెడుకు కాస్త తక్కువ పొడవు, రెండు కిలోలకు అటూ ఇటూ బరువు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ఇంజన్ పాయింట్ 18 తరగతి. అంటే 0.18 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 3 సీసీకి కొంచెం తక్కువ. ఆర్‌ఎక్స్ 100 తన పూర్తి బలం నిమిషానికి 7,500 చుట్ల దగ్గర చూపిస్తుంది. ఇది 25,000 దాటి తిరుగుతుంది. ఆ వేగంలో నూనె ఒక్క క్షణం అందకపోయినా లోపల లోహం లోహాన్ని గీసేస్తుంది. ఖరీదైన రేసింగ్ ఇంజన్లలో మేలైన బేరింగులు, గట్టి కనెక్టింగ్ రాడ్డు ఉంటాయి కాబట్టి చిన్న పొరపాటును ఓర్చుకుంటాయి. చవక ఇంజనుకు ఆ ఓర్పు లేదు. నా మొదటి ఇంజన్ నాలుగు వారాల్లో పోయింది. రెండోదానికి ఇప్పుడు మూడో ఏడు. రెండూ ఒకే రకం, ఒకే ధర. తేడా అంతా కొత్త ఇంజన్ నడిపిన మొదటి గంటలోనూ, ఆ తరువాత బయటికి తీసిన ప్రతి రోజూ చివరి పది నిమిషాల్లోనూ ఉంది.

కొనేటప్పుడు

 వాడినది కొనేవాళ్లు ఇంజన్ చల్లగా ఉండగానే ఒక పరీక్ష చేయాలి. కింద కనిపించే ఫ్లైవీలును వేలితో మెల్లగా తిప్పండి. ఒకచోట బిగుసుకుని ఆగాలి. ఈ ఇంజన్లో పిస్టనుకు రింగులు ఉండవు. క్రోము పూత ఉన్న ఇత్తడి స్లీవులో, అంటే గొట్టంలో, అల్యూమినియం పిస్టన్ ఆడుతుంది. స్లీవు పైకి వెళ్లేకొద్దీ వెంట్రుకవాసి ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అక్కడ పట్టేస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఇత్తడి వ్యాకోచించి, సరిగ్గా కావలసినంత సందు ఏర్పడుతుంది. చల్లటి ఇంజన్ ఎక్కడా పట్టకుండా బొంగరంలా తిరిగిందంటే బోరు అరిగిపోయినట్టే. ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోవద్దు. తరువాత అదే ఫ్లైవీలును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కదలిక తెలుస్తుంటే బేరింగులు పోయాయి. అవి మార్చవచ్చు, ఆ మేరకు ధర తగ్గించి అడగండి.

బండి ధరతో ఖర్చు తీరదు. ఇంజన్ వెలిగించేటప్పుడు ప్లగ్గును వేడిచేసే గ్లో ఇగ్నైటర్, దాని చార్జరు, మూడు నాలుగు అదనపు గ్లో ప్లగ్గులు (ఓఎస్ కంపెనీ 8 నంబరు వంటి మధ్యరకం వేడివి), ముక్కు వంగిన ఇంధనం సీసా, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ఆట ముగిశాక ఇంజనులో వేసే ఆఫ్టర్‌రన్ ఆయిల్, గాలి ఫిల్టరుకు పట్టించే ఫిల్టర్ ఆయిల్, స్క్రూలు వదులు కాకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్, 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీలు కావాలి. నా రిమోటుకు 8, బండిలోని రిసీవరుకు 4 పెన్సిల్ సెల్లులు పడతాయి. చార్జి చేసుకునేవే కొనండి. ఇవన్నీ కలిపి నాకు బండి ధరలో సగం అయ్యాయి. థర్మామీటర్ ఒక్కటీ తరువాత చూద్దామని వదిలేసి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆ సొమ్ము దగ్గర వెనకాడకండి.

ట్యాంకులో 75 మిల్లీలీటర్లు పడుతుంది. ఒక ట్యాంకు ఎనిమిది నుంచి పది నిమిషాలు వస్తుంది. అంటే లీటరుకు పదమూడు ట్యాంకులు, సుమారు రెండు గంటల ఆట. నెలకు రెండు ఆదివారాలు నడిపేవాళ్లకు లీటరు చాలు.

ఇంధనం గురించి కాస్త వివరంగా

"పెట్రోలు, టూ-టీ ఆయిల్ కలిపి పోస్తే నడవదా?" అని నన్ను అడగనివాళ్లు లేరు. నడవదు. ఈ ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉండదు. గ్లో ప్లగ్గులో సన్నని ప్లాటినం మిశ్రమలోహపు తీగచుట్ట ఉంటుంది. మొదట ఇగ్నైటర్ దాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఇంజన్ అందుకున్నాక ఇగ్నైటర్ తీసేసినా తీగ ఆరిపోదు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య, లోపలి వేడి కలిసి దాన్ని వెలిగిస్తూనే ఉంటాయి. పెట్రోలుతో ఆ చర్య జరగదు. ఇంకో సంగతి కూడా ఉంది. కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో మిథనాలుకు 6.5 కిలోలు చాలు. అందుకే ఈ బుల్లి ఇంజన్ అంత గాలికే రెట్టింపుకు మించి ఇంధనం తాగుతుంది. దాని కార్బురేటర్ కొలత అంతా ఆ లెక్కలో చేసిందే.

పాయింట్ 18 ఇంజనుకు 16 నుంచి 20 శాతం నైట్రో ఉన్న ఇంధనం సరిపోతుంది. సీసా మీద నైట్రో శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నూనె శాతం వెతుక్కోవాలి. చవక ఇంజనుకు నూనె శాతమే ముఖ్యం, అది 16కు తగ్గకుండా చూడండి. మిథనాల్ తెచ్చుకుని ఇంట్లో కలుపుకుంటామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. మిథనాల్ విషం. దాని అమ్మకానికీ నిల్వకూ నిబంధనలున్నాయి. అవి లేకపోయినా నేను వద్దనే చెబుతాను.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. నేను తెచ్చిన ఇంధనం గులాబీ రంగులో ఉంటుంది. ఒక సాయంత్రం వరండాలో ట్యాంకు నింపుతూ స్పానరు కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి, మా చెల్లెలి కూతురు, ఐదేళ్ల పిల్ల, సీసా ముందు కూర్చుని మూత వాసన చూస్తోంది. "మామయ్యా, ఇది రోజ్‌మిల్కా?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొద్దిపాటి మిథనాల్ లోపలికి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది. లక్షణాలు కొన్ని గంటల తరువాత గాని కనిపించకపోవచ్చు. ఎవరైనా పొరపాటున తాగితే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లి మిథనాల్ అని చెప్పాలి. మరుసటి రోజే పాత ఇనుప ట్రంకుపెట్టె ఒకటి బయటి గదిలో పెట్టి తాళం వేశాను. ఇంధనం అందులోనే ఉంటుంది. కూల్‌డ్రింక్ సీసాలోకి ఒక్క చుక్క కూడా మార్చకండి. చర్మం గుండా కూడా ఇది లోపలికి ఇంకుతుంది కాబట్టి తొడుగులు వేసుకుని పోయండి.

మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. చెయ్యి కాలేదాకా తెలియదు. 11 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు. మన కోస్తాలో అంత చల్లటి రోజు ఏదీ? కాబట్టి ఏడాది పొడవునా అంటుకునే సరుకే అనుకోండి. వేడి ఇంజన్ మీద ఒలికించకండి, దగ్గర సిగరెట్ కాల్చేవాళ్లను దూరంగా పంపండి. మిథనాల్ నీటిలో కలిసిపోతుంది కాబట్టి బోలెడు నీళ్లు గుమ్మరిస్తే మంట ఆరుతుంది. ఒక బకెట్ నీళ్లు పక్కన లేకుండా నేను ట్యాంకు మూత తెరవను. నీటిలో కలిసే ఆ గుణం వల్లే మూత వదులుగా ఉన్న సీసా గాలిలోని తేమను లాక్కుని పాడవుతుంది. వానాకాలంలో సగం సీసా నెలల తరబడి ఉంచకండి.

ముందు ఆపడం నేర్చుకోండి

ఇంజన్ వెలిగించేముందు దాన్ని ఆపే మూడు పద్ధతులు చేతికి రావాలి. ట్యాంకు నుంచి కార్బురేటరుకు వెళ్లే గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకోవడం మొదటిది. సైలెన్సర్ గొట్టాన్ని మందమైన గుడ్డతో మూయడం రెండోది. ఛాసిస్ అడుగున తెరచిన చోట ఫ్లైవీలుకు స్క్రూడ్రైవర్ చెక్కపిడి ఆనించడం మూడోది. వేలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

రిమోటు స్విచ్చి ముందు వేసి, తరువాత బండిది వేయాలి. ఆపేటప్పుడు బండిది ముందు. రిసీవర్ సెల్లులు నీరసిస్తే థ్రాటిల్ ఎంత తెరిచి ఉంటే అక్కడే నిలిచిపోతుంది, బండి చేయి జారిపోతుంది. నా బండి ఒకసారి అలా పొలం దాటి, గట్టు ఎగిరి, నీళ్లు లేని పిల్లకాలువలో పడింది. గట్టు మీద మేకలు తోలుకుంటూ ఒక తాత ఉన్నాడు. ఆయనకు రెండు బారల దూరంలో వెళ్లింది. రెండు కిలోల బండి ఆ వేగంతో తగిలితే కాలి ఎముక విరుగుతుంది. ఆ రోజు నుంచి రెండు పనులు మానలేదు. కార్బురేటర్ థ్రాటిల్ మీటకు, తనంతట తాను మూసుకునేలా ఒక సన్నని స్ప్రింగు తగిలించాను. బయలుదేరే ముందు, ఇంజన్ ఆపి ఉండగా, మేనల్లుడికి బండి ఇచ్చి యాభై అడుగులు నడిపించి స్టీరింగు, బ్రేకు అందుతున్నాయో లేదో చూస్తాను. మీ రిమోటులో ఫెయిల్‌సేఫ్ ఉంటే, సంకేతం పోగానే బ్రేకు పడేలా దాన్ని అమర్చుకోండి.

మొదటి గంట

పాతికేళ్ల క్రితం కొత్త మోటారు సైకిల్ కొన్నవాళ్లు మొదటి అయిదొందల కిలోమీటర్లు నలభై దాటనిచ్చేవారు కాదు. ఇక్కడా అదే సంగతి, కాకపోతే కిలోమీటర్ల బదులు ట్యాంకుల లెక్క. ఆరు ట్యాంకులు.

కొత్త ఇంజనులో పిస్టన్ పైన ఎంత గట్టిగా పట్టి ఉంటుందంటే, ఇంజన్ వెలిగించే తాడు లాగితే కదలదు. బలవంతంగా లాగితే తాడు తెగుతుంది, లేదా కనెక్టింగ్ రాడ్డు మీద భారం పడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఇంజన్ తలను అయిదారు నిమిషాలు వేడిచేయండి. ముట్టుకుంటే చురుక్కుమనాలి. అప్పుడు తాడు తేలిగ్గా వస్తుంది. తాడును జానెడున్నరకు మించి లాగకండి. చిన్నగా, చకచకా లాగాలి. ముందు ఇగ్నైటర్ లేకుండా రెండు మూడు సార్లు లాగి, ఇంధనం గొట్టంలో కార్బురేటర్ దాకా వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి. వచ్చాక ఇగ్నైటర్ పెట్టి లాగండి.

తాడు ఒక్కసారిగా బిగుసుకుపోతే లోపల ఇంధనం నిండిపోయిందని అర్థం. ద్రవం నలగదు. అక్కడ బలం చూపిస్తే రాడ్డు వంగుతుంది. ప్లగ్గు విప్పి, బండిని తలకిందులు చేసి, గుడ్డ అడ్డుపెట్టి, మొహం పక్కకు పెట్టుకుని నాలుగైదు సార్లు లాగితే అంతా బయటికి వచ్చేస్తుంది. ఇగ్నైటర్ అప్పుడు దగ్గర ఉండకూడదు.

మొదటి రెండు ట్యాంకులు బండిని చెక్కదిమ్మ మీద, చక్రాలు గాలిలో ఉండేలా పెట్టి, స్లోలో, అంటే థ్రాటిల్ ఇవ్వకుండా తిరిగే వేగంలో, నడపండి. మిశ్రమం చిక్కగా, అంటే గాలితో పోలిస్తే ఇంధనం ఎక్కువగా ఉండాలి (ఎలా సరిచేయాలో సూదుల దగ్గర చెబుతాను), పొగ బాగా రావాలి. అప్పుడప్పుడు థ్రాటిల్‌ను కొద్దిగా కదిలించండి. ట్యాంకు అడుగంటేముందే ఆపేయండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేటప్పుడు గాలి ఎక్కువై మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి అరుస్తుంది. ఆపాక ఫ్లైవీలు తిప్పి పిస్టన్‌ను కిందికి దించి, పూర్తిగా చల్లారనివ్వండి. బిగువు స్థానంలో వదిలేస్తే చల్లారుతున్న ఇత్తడి పిస్టన్‌ను నొక్కి పట్టి, బిగువు అక్కడే అరిగిపోతుంది. మూడో ట్యాంకు నుంచి నేల మీద, పావు థ్రాటిల్‌తో. అయిదో ట్యాంకుకు సగం. ఆరో ట్యాంకులో రెండు మూడు సెకన్లు పూర్తిగా ఇచ్చి వదిలేయవచ్చు.

ఇక్కడ చాలామంది అతిజాగ్రత్తతో చేసే తప్పు ఒకటి ఉంది. చల్లగా ఉంటే మంచిదనుకుని మరీ చిక్కటి మిశ్రమంతో 60 డిగ్రీల దగ్గర నడుపుతారు. ఆ వేడికి ఇత్తడి చాలినంత వ్యాకోచించదు. పిస్టన్ ప్రతి చుట్టులోనూ బిగువులో గీసుకుంటుంది. కొత్త ఇంజన్ తల దగ్గర 90 డిగ్రీలైనా ఉండాలి. డిసెంబరు ఉదయం పూట వేడి ఎక్కకపోతే, తల రెక్కల చుట్టూ వంటింటి అల్యూమినియం రేకు ఒక చుట్టు చుట్టండి.

నా మొదటి ఇంజన్ దగ్గర నేను చేసినది వేరే తప్పు. రెండో ట్యాంకు సగంలో ఉండగా, మా మేనల్లుడు, అప్పుడు పన్నెండేళ్ల వాడు, "మామయ్యా, ఒక్కసారి ఫుల్ రేసు ఇవ్వవా" అన్నాడు. ఇచ్చాను. బాగా పరుగెత్తింది కూడా. ఇద్దరం కేకలు వేశాం. నాలుగో వారానికి వేడి మీద ఆపితే మళ్లీ అందుకోవడం మానేసింది. విప్పి చూస్తే స్లీవు లోపల పైనుంచి కిందికి గీతలు. నాన్న దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టారు.

సూదులు

కార్బురేటరు మీద మూడు స్క్రూలుంటాయి. ఎక్కువ వేగం మీద ఇంధనాన్ని కొలిచే పెద్ద సూది, తక్కువ వేగం మీద కొలిచే చిన్న సూది, స్లో స్క్రూ. గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే సూది లోపలికి వెళ్లి మిశ్రమం పలచబడుతుంది. వ్యతిరేక దిశలో చిక్కబడుతుంది. బండి తెచ్చిన రోజే రెండు సూదులనూ, మెత్తగా ఆనేదాకా మాత్రమే లోపలికి తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో పుస్తకంలో రాసుకుని, మళ్లీ అంతే వెనక్కి తీయండి. దారి తప్పినప్పుడు ఆ అంకె మిమ్మల్ని మొదటికి తీసుకొస్తుంది.

సరిచేసేటప్పుడు పెద్ద సూది ముందు, చిన్న సూది తరువాత, స్లో చివర. ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే. తిప్పాక బండిని రెండు రౌండ్లు నడిపి చూడాలి, అప్పటిదాకా ఇంకో స్క్రూ ముట్టుకోకూడదు.

పెద్ద సూదిని పొగ చెబుతుంది. బండి తిన్నగా పరుగెత్తుతుంటే వెనక సన్నని తెల్లటి పొగ తాడులా ఆగకుండా రావాలి. ఆ పొగే నూనె. మేఘంలా కమ్ముకుంటూ, ఇంజన్ గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు వినిపిస్తుంటే చిక్కన ఎక్కువైంది. బండి చివరి వేగంలో ఈల వేసినట్టు సన్నగా అరిచి, పొగ మాయమై, ఉన్నట్టుండి బలం తగ్గిందంటే మిశ్రమం పలచబడింది. వెంటనే ఆపి పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఇంకో ఆనవాలు: థ్రాటిల్ వదిలినా ఇంజన్ వేగం దిగకుండా కాసేపు ఊగిసలాడితే అదీ పలచనే.

చిన్న సూదికి నేను ఇష్టపడే పరీక్ష ఒకటి ఉంది. ఇంజన్ వేడిగా, స్లోలో ఉండగా, ఇంధనం గొట్టాన్ని కార్బురేటర్ దగ్గరే నొక్కి పట్టుకుని లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర చప్పుడు కాస్త పైకి లేచి ఆగిపోతే సరిగ్గా ఉంది. నొక్కగానే చచ్చిపోతే పలచన. అయిదారు సెకన్లు ఆగకుండా వేగం పెరుగుతూ పోతే చిక్కన.

థర్మామీటరును ఎప్పుడూ ఒకే దూరం నుంచి, పైనుంచి ప్లగ్గు మీదికి గురిపెట్టండి. మెరిసే లోహం మీద దిక్కు మారితే అంకె మారుతుంది. నా ఇంజనును 105 నుంచి 115 డిగ్రీల మధ్య ఉంచుతాను. 120 దాటితే ఇంటికే. థర్మామీటర్ మరచిపోయిన రోజు తల మీద ఒక నీటి చుక్క వేయండి. చుయ్ మంటూ మూడు నాలుగు సెకన్లలో ఆరిపోతే సరే. పడీ పడగానే మాయమైతే ఎక్కువ వేడిగా ఉంది.

ఋతువుల సంగతి చెప్పకుండా వదలలేను, మన దగ్గర ఎక్కువ ఇంజన్లు పోయేది ఇక్కడే. రోహిణి కార్తె ఎండలో గాలి పలచగా ఉంటుంది, అందులో ప్రాణవాయువు తక్కువ. దానికి తగ్గట్టు సూదిని కొంచెం లోపలికి తిప్పి సరిచేసుకుంటాం. వానాకాలమంతా బండి అటక మీద. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు వచ్చారని తెల్లవారగానే బయటికి తీస్తాం. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే రంధ్రం గుండా ఎక్కువ గాలి లోపలికి వెళుతుంది, ఇంధనం మాత్రం వేసవి లెక్కలోనే వస్తుంది. మిశ్రమం పలచబడుతుంది. పైకి చలికాలం కాబట్టి ఇంజన్ వేడెక్కదనే ధీమా ఉంటుంది. ఋతువు మారాక మొదటి ట్యాంకుకు పెద్ద సూదిని పావు చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టండి.

ప్లగ్గును కూడా విప్పి చూస్తుండండి. తీగచుట్ట వెండిలా మెరుస్తూ ఉంటే ఆరోగ్యం. బూడిదరంగులోకి మారి, వంకరపోయి ఉంటే వేడి ఎక్కువైంది. తడిగా ఉంటే చిక్కన.

ఎక్కడ నడపాలి

నాకు దొరికిన అన్నింటిలోకీ మంచి నేల కళ్లం. మా వైపు వరి తరువాత మినుము వేస్తారు. అది పీకి కుప్ప నూర్చడానికి నేల చదును చేసి, నీళ్లు చల్లి, పేడ అలికి గట్టిపరుస్తారు. నూర్పిడి అయ్యాక రైతును అడిగితే ఒక ఉదయం ఇస్తారు. దుమ్ము తక్కువ, టైరు పట్టు బాగుంటుంది. అది లేనప్పుడు, ఆదివారం ఉదయం కాలేజీ మైదానం, వాచ్‌మన్ అనుమతితో. కోసిన వరి మోళ్లలోకి దింపకండి. డ్రైవ్‌షాఫ్టులకు గడ్డి చుట్టుకుని గేర్లు విరుగుతాయి. పశువులు కట్టేసిన చోట, ఆసుపత్రి దగ్గర అసలే వద్దు.

సూర్యలంక తీరం మాకు దగ్గరే. అక్కడ నడపాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేను నడపను. సముద్రపు ఇసుక ఒక్క రేణువు ఫిల్టర్ దాటి లోపలికి వెళితే స్లీవు మీద గీత పడుతుంది. ఉప్పు తేమ బేరింగులను తినేస్తుంది.

ఫిల్టర్ స్పాంజికి నూనె పట్టించి ఉండాలి. పొడి స్పాంజి మన ఎర్రదుమ్మును, నల్లరేగడి పొడిని ఆపలేదు. రెండు స్పాంజిలు పెట్టుకోండి, ఒకటి మురికి కాగానే రెండోది వేయవచ్చు. ఫిల్టర్ మెడ కార్బురేటర్ మీద కూర్చునే చోట సందు లేకుండా బిగించండి. ఎంత మంచి స్పాంజి ఉన్నా ఆ సందు లోంచి దుమ్ము వెళితే లాభం లేదు.

విరిగేవి విరుగుతాయి. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు అందించే పెద్ద పళ్లచక్రం, స్పర్ గేరు, ప్లాస్టిక్‌ది కాబట్టి ఒకటి అదనంగా ఉంచుకోండి. బిగించేటప్పుడు రెండు గేర్ల పళ్ల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం తిప్పి తీసేయండి. అంత సందు చాలు. లాక్‌టైట్ లోహంలోకి వెళ్లే స్క్రూలకే, ప్లాస్టిక్‌కు తగిలితే పెళుసవుతుంది. ఇంజనును పట్టి ఉంచే నాలుగు స్క్రూలు ప్రతిసారీ చూడండి.

చివరి పది నిమిషాలు

అందరూ అలసిపోయి ఉంటారు, ఎండ ఎక్కుతుంటుంది, టిఫిను వేళ అవుతుంది. బండిని డిక్కీలో పడేసి వెళ్లాలనిపిస్తుంది. ట్యాంకులో మిగిలినదీ, క్రాంక్ గదిలో తడీ రాత్రంతా తేమను పీల్చుకుంటాయి. మండిన నైట్రో వదిలిన ఆమ్లపు అవశేషాలు దానికి తోడవుతాయి. వారం తరువాత వెనక బేరింగు చూస్తే ఇటుకరంగు తుప్పు.

నేను కదలకముందే అక్కడే చేస్తాను. ట్యాంకులో మిగిలినది గొట్టం పెట్టి వేరే సీసాలోకి తీసేస్తాను. తిరిగి మంచి సీసాలో కలపను, దుమ్ము కలిసి ఉంటుంది. తరువాత ఇంజనును మళ్లీ వెలిగించి స్లోలోనే వదిలేస్తాను. గొట్టంలో ఉన్న కాస్తా కాలిపోయి దానంతట అదే ఆగుతుంది. వెచ్చగా ఉండగానే ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కలు, కార్బురేటర్ నోట్లో నాలుగు చుక్కలు ఆఫ్టర్‌రన్ ఆయిల్ వేసి, తాడు అయిదారు సార్లు మెల్లగా లాగుతాను. నూనె అన్ని మూలలకూ పాకుతుంది. ప్లగ్గు బిగిస్తాను. పెయింట్ బ్రష్షుతో ఛాసిస్ దుమ్ము దులుపుతాను. నీళ్లు కొట్టను, రిసీవర్ డబ్బా అందులోనే ఉంది. సెల్లులు తీసేస్తాను. ఇంటికి వచ్చాక స్పాంజిని గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో పిసికి కడిగి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ నూనె వేసి రంగు అంతటా సమానంగా పరుచుకునేదాకా నలిపి, మిగులు పిండేస్తాను.

చివరిది ఫ్లైవీలు. పిస్టన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు ఫ్లైవీలు ఏ స్థానంలో ఉంటుందో చూసి, అక్కడ మా చెల్లెలి నెయిల్ పాలిష్‌తో ఒక ఎర్రచుక్క పెట్టుకున్నాను. బండిని అలమరలో పెట్టేముందు ఆ చుక్క కిందికి వచ్చేదాకా వేలితో తిప్పుతాను. ఇప్పుడు ఆ పని మేనల్లుడిది. వాడు తిప్పి, వంగి చూసి, "కింద ఉంది మామయ్యా" అంటాడు. అప్పుడు తలుపు వేస్తాను.